అమరికలకు ఒక చిరునామా

ఈమాక్స్‌లో తెలుగు రాయడం మొదలుపెట్టిన కొత్తలో, ఎడిటర్ తెరవగానే చదువుకునే నా ఫైల్లో ఒక వరుస రాసుకున్నాను.

(సెట్‌క్యూ కరెంట్-లాంగ్వేజ్-ఎన్విరాన్‌మెంట్ "తెలుగు")

బ్రాకెట్లు సరిపోయాయి, పేరులో అక్షరదోషం లేదు. ఎడిటర్ మూసి మళ్లీ తెరిచాను. తెలుగు ఇన్‌పుట్ పద్ధతి రాలేదు. ఈ వేరియబుల్‌లో ఏముందని అడిగితే మాత్రం "తెలుగు" అనే చెబుతోంది. దాని వివరణ తెరిచి చదివాను. దీన్ని నేరుగా మార్చకూడదు, కస్టమైజ్ అనే సెట్టింగుల వ్యవస్థ ద్వారా గానీ, దీనికోసం ఉన్న ఫంక్షన్ ద్వారా గానీ మార్చాలి అని అందులో ఉంది. విలువ పడింది, పని జరగలేదు. మనం రోజూ తేలిగ్గా అనే "సెట్టింగు" అన్న మాట లోపల ఎన్ని పొరలున్నాయో వెతకడం నాకు అక్కడ మొదలైంది. ఆ వెతుకులాట 1996కి, డెన్మార్క్‌కి, లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో డెఫ్‌కస్టమ్ అనే ఒక మాక్రో దగ్గరికి తీసుకెళ్లింది. కానీ కథ అంతకు ఇరవై ఏళ్ల ముందునుంచే ఉంది.

1970లలో ఎమ్‌ఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో అందరూ టెకో అనే ఎడిటర్ వాడేవారు. దాని ఆదేశాలన్నీ ఒకటి రెండు అక్షరాల గుర్తులు. వాటిని వరుసగా కూర్చి మాక్రోలుగా దాచుకోవచ్చు. ఒక్కో మాక్రోను ఒక్కో మీటకు కట్టుకోవచ్చు. ఈ సౌకర్యం దొరికాక ప్రయోగశాలలో ప్రతి ఒక్కరూ తమకు నచ్చినట్టు మీటలు మార్చుకున్నారు. కొన్నాళ్లకు ఒకరి టెర్మినల్ దగ్గర ఇంకొకరు కూర్చుంటే ఏ మీట ఏం చేస్తుందో తెలియని పరిస్థితి వచ్చింది. ఆ వేర్వేరు మాక్రోలన్నిటినీ ఒక పద్ధతిలోకి తెచ్చే పని గై స్టీల్ ఎత్తుకున్నాడు. రిచర్డ్ స్టాల్మన్ దాన్ని ముందుకు తీసుకెళ్లి పూర్తిచేశాడు. 1976లో తయారైన ఆ మాక్రోల కట్టకే ఈమాక్స్ అని పేరు, అంటే ఎడిటర్ మాక్రోలు. పేరులో ఉన్న మాక్రో టెకో మాక్రో. ఈ వ్యాసంలో అసలు పాత్ర లిస్ప్ మాక్రోది. రెండూ ఒకటి కావు. మొదటిది ఆదేశాల వరుస, రెండోది ప్రోగ్రామును రాసే ప్రోగ్రాము.

అంటే ఎవరి అమరిక వారిదిగా ఉంటూనే అందరికీ ఒక ఉమ్మడి చోటు ఉండాలన్న కోరికలోంచే ఈ ఎడిటర్ పుట్టింది. 1979లో స్టాల్మన్ రాసిన ప్రయోగశాల నివేదిక, 519వ సంఖ్యది, ఈమాక్స్‌ను విస్తరించుకోగల, మలుచుకోగల, తన గురించి తానే చెప్పుకోగల ఎడిటర్ అని శీర్షికలోనే ప్రకటిస్తుంది. మలుచుకోవడం వేరు, విస్తరించడం వేరు. కొత్త ఆదేశాన్ని కట్టుకోవడం విస్తరించడం. ఉన్న ఆదేశం ప్రవర్తనను చిన్నగా మార్చుకోవడం మలుచుకోవడం. మొదటిదానికి ప్రోగ్రామింగ్ కావాలి. రెండోదానికి అక్కర్లేకుండా ఉండాలి. ఆ "అక్కర్లేకుండా" అన్నది నిజం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

1978లో బెర్నార్డ్ గ్రీన్‌బర్గ్ హనీవెల్‌లో మల్టిక్స్ యంత్రాల కోసం ఈమాక్స్‌ను లిస్ప్‌లో రాశాడు. విస్తరించుకునే భాష కూడా లిస్పే. అక్కడి కార్యాలయ కార్యదర్శుల గురించి స్టాల్మన్ 2002లో ఒక ప్రసంగంలో చెప్పిన సంగతి నాకు చాలా ఇష్టం. వాళ్లకు ఇచ్చిన పుస్తకంలో ఎడిటర్‌ను ఎలా విస్తరించుకోవాలో ఉందే తప్ప, దాన్ని ప్రోగ్రామింగ్ అంటారని ఎక్కడా లేదట. తమకు ప్రోగ్రామింగ్ రాదని నమ్మే మనుషులు ఆ మాట కనబడలేదు కాబట్టి భయపడలేదు. చదివారు, లిస్ప్ రాశారు. మనిషికీ యంత్రానికీ మధ్య గోడ చాలాసార్లు ఒక్క మాటతోనే లేస్తుంది.

1984లో మొదలై 1985లో విడుదలైన గ్నూ ఈమాక్స్‌లో లోపలి భాగం సీ భాషలో, మిగతాదంతా ఈమాక్స్ లిస్ప్‌లో ఉంది. సెట్టింగు అంటే ఇక్కడ ఒక మామూలు లిస్ప్ వేరియబుల్. దాన్ని డెఫ్‌వార్ అనే రూపంతో ప్రకటించేవారు. పేరు, విలువ, వివరణ, అంతే. డెఫ్‌వార్‌లో ఒక తెలివైన నియమం ఉంది. ఈ పేరుకు ఇప్పటికే విలువ ఉంటే ముట్టుకోదు, లేకపోతేనే తనది ఇస్తుంది. అందుకే వాడుకరి తన ఆరంభ ఫైల్లో ముందుగా ఒక విలువ పెట్టుకుంటే, ఆ తర్వాత ఎప్పుడో లోడ్ అయ్యే గ్రంథం (లైబ్రరీ) దాన్ని చెరపదు.

కానీ వేలకొద్దీ వేరియబుల్స్‌లో వాడుకరి కోసం ఉద్దేశించినవి ఏవి, ప్రోగ్రాము లోపలి పనికి ఉన్నవి ఏవి? ఆ తేడా చెప్పడానికి అప్పట్లో ఉన్న గుర్తు ఒకటే. వివరణ వాక్యం మొదట్లో ఒక నక్షత్రం. నక్షత్రం ఉంటే వాడుకరి ముట్టుకోవచ్చు, లేకపోతే వద్దు. విలువ మార్చే ఆదేశం ఆ నక్షత్రాన్ని చూసే పేర్లు చూపించేది. నక్షత్రం ఉన్నవాటినన్నిటినీ అక్షరక్రమంలో ఒకచోట పరిచే ఎడిట్-ఆప్షన్స్ అనే ఆదేశమూ ఉండేది. అక్కడ విలువ మార్చొచ్చు. ఎడిటర్ మూయగానే ఆ మార్పు పోయేది. నిలవాలంటే ఆరంభ ఫైల్లో లిస్ప్ వాక్యం చేత్తో రాసుకోవాల్సిందే.

నక్షత్రం ఎంత చెప్పగలదు? ఈ వేరియబుల్‌కు అంకె ఇవ్వాలా, ఫైలు పేరు ఇవ్వాలా, నాలుగింటిలో ఒకటి ఎంచుకోవాలా, చెప్పలేదు. వివరణ చదివి మనిషి గ్రహించాలి. మార్చిన విలువ బాగోలేకపోతే మొదట ఉన్నదేమిటో గుర్తులేదు, దాన్ని ఎవరూ దాచలేదు. విలువ మార్చాక ఇంకేదైనా పని జరగాలా, తెర మళ్లీ గీయాలా, ఒక పట్టికను మళ్లీ కట్టాలా అన్నది కూడా తెలియదు. ఈ మూడు లోపాల్లో చివరిదే నా తెలుగు వరుస దగ్గర నాకు ఎదురైంది.

ఇక్కడ పెర్ అబ్రహామ్‌సెన్ వస్తాడు. కస్టమైజ్ వ్యవస్థ మూల ఫైళ్లు తెరిస్తే రచయితగా అతని పేరు, 1996 నాటి హక్కుల ప్రకటన, కోపెన్‌హాగన్‌లోని పశువైద్య, వ్యవసాయ విశ్వవిద్యాలయపు చిరునామా కనిపిస్తాయి. ఎడిటర్ చరిత్రలో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏమిటని మొదట ఆశ్చర్యపోయాను. అతని ఇంకో పెద్ద పని డైసీ అనే నమూనా. నేలలో నీరు, నత్రజని ఎలా కదులుతాయో, పంట ఎలా పెరుగుతుందో లెక్కగట్టే ప్రోగ్రాము అది. 2000లో సోరెన్ హాన్సెన్‌తో కలిసి దాని మీద పరిశోధనా పత్రం ప్రచురించాడు. నేల ఎలాంటిది, ఏ విత్తనం, ఎప్పుడు దుక్కి, ఎప్పుడు ఎరువు అన్నవన్నీ డైసీకి చెప్పే ఫైళ్లు కూడా లిస్ప్ పోలికలోనే ఉంటాయి, బ్రాకెట్లూ "డెఫ్"తో మొదలయ్యే మాటలూ. చెయ్యాల్సిన పనిని ముందు ప్రకటనగా చెప్పి, ఆ తర్వాత నడపడం అతని పనితీరని నాకు అనిపిస్తుంది. ఈమాక్స్‌లో లేటెక్ పత్రాలు రాసుకునేవాళ్లు వాడే ఆక్‌టెక్‌ను కూడా అతను చాలాకాలం నడిపాడు. వందలాది సెట్టింగులున్న ప్యాకేజీ అది.

అతను తెచ్చిన రూపం ఇలా ఉంటుంది. ఈమాక్స్‌లో నిజంగా ఉన్న ఒక సెట్టింగునే తీసుకుని, వివరణ ఒక్కటి నా మాటల్లో తెలుగులో పెడుతున్నాను.

(డెఫ్‌కస్టమ్ మేక్-బ్యాకప్-ఫైల్స్ టీ
"ఫైలును మొదటిసారి భద్రపరిచేటప్పుడు పాత ప్రతిని పక్కన ఉంచాలా?"
:టైప్ 'బూలియన్
:గ్రూప్ 'బ్యాకప్)

డెఫ్‌వార్‌లో ఉన్న పేరు, విలువ, వివరణ ఇందులోనూ ఉన్నాయి. వాటి కింద చేరిన రెండు వరుసలే కొత్త. ఈ విలువ అవును, కాదు అనే రెండింటిలో ఒకటని మొదటిది చెబుతుంది. ఇది బ్యాకప్ అనే గుంపుకు చెందిందని రెండోది చెబుతుంది. నక్షత్రం అక్కర్లేదు. డెఫ్‌కస్టమ్‌తో ప్రకటించడమే ఇది వాడుకరిదని చెప్పడం.

ఇది ఫంక్షన్‌గా కాక మాక్రోగా ఎందుకుంది? లిస్ప్‌లో ఫంక్షన్‌ను పిలిస్తే, దానికి ఇచ్చినవన్నీ ముందు లెక్కగట్టి విలువలు చేసి లోపలికి పంపుతారు. వండిన అన్నమే లోపలికి వెళుతుంది, బియ్యం ఎన్ని, నీళ్లెన్ని అన్నది లోపలివారికి తెలియదు. మాక్రోకు మాత్రం రాసినది రాసినట్టే అందుతుంది. చాలా సెట్టింగుల మొదటి విలువ ఒక అంకె కాదు, ఒక వ్యక్తీకరణ. ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఉన్నామో చూసి ఒక దారి, హోం డైరెక్టరీ ఎక్కడుందో చూసి ఇంకో దారి తేల్చే లెక్క. దాన్ని ఫంక్షన్‌కు అలాగే ఇస్తే లోపలికి ఫలితం వెళుతుంది, లెక్క పోతుంది. రేపు వాడుకరి "నాకు మొదట ఉన్నదే కావాలి" అంటే తిరిగి చేయడానికి లెక్క చేతిలో ఉండాలి. డెఫ్‌కస్టమ్ ఆ వ్యక్తీకరణను లెక్కగట్టకుండా పట్టుకుని దాస్తుంది.

రిజిస్ట్రారు కార్యాలయాల దగ్గర కూర్చునే దస్తావేజు లేఖరిని చూసినవాళ్లకు మాక్రో పని సులువుగా అర్థమవుతుంది. మీరు "మా తమ్ముడికి అరెకరం రాసిస్తున్నాను" అని ఒక్క మాట చెబుతారు. ఆయన దాన్ని పట్టుకుని ఇచ్చేవారు, పుచ్చుకునేవారు, సర్వే నంబరు, నాలుగు దిక్కుల హద్దులు, సాక్షులు, అన్నీ ఉన్న పూర్తి పత్రం రాస్తాడు. మీ మాటను ఆయన మార్చలేదు, చట్టానికి కావలసిన రూపంలో విప్పాడు. డెఫ్‌కస్టమ్ కూడా అంతే. అది విప్పుకున్నాక మిగిలేది కస్టమ్-డిక్లేర్-వేరియబుల్ అనే మామూలు ఫంక్షన్‌కు ఒక పిలుపు. ఆ ఫంక్షన్‌ను ఎవరైనా నేరుగా పిలవొచ్చు. కానీ ఎక్కడ కోట్ గుర్తు పెట్టాలో, ఏది లెక్కగట్టకూడదో ప్రతిసారీ గుర్తుంచుకోవాలి. వేలసార్లు రాయాల్సిన చోట ఆ జాగ్రత్తను మనిషి మీద వదిలేయడం తప్పు. లేఖరి చేతికి అప్పగించడమే సరైనది. లిస్ప్‌లో ఇలాంటి లేఖరులను రాసుకునే వీలు 1963 నుంచీ ఉంది. ఆ ఏడాది టిమొతీ హార్ట్ ఎమ్‌ఐటీలో రాసిన చిన్న నివేదిక లిస్ప్‌లోకి మాక్రోలను తెచ్చింది. నా వరుసలోని సెట్‌క్యూ కూడా ఇలాంటి వెసులుబాటుతోనే బతుకుతోంది. దానికిచ్చిన మొదటి పేరును అది లెక్కగట్టదు, పేరుగానే తీసుకుంటుంది.

పట్టుకున్నదాన్ని ఎక్కడ దాస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు లిస్ప్ పునాదుల్లోనే ఉంది. లిస్ప్‌లో పేరు అంటే అక్షరాల వరుస మాత్రమే కాదు. సింబల్ అనే వస్తువు. దానికి విలువతో పాటు ఒక గుణాల జాబితా ఉంటుంది. తొలినాటి లిస్ప్‌లో ఫంక్షన్ నిర్వచనాలు కూడా ఆ జాబితాలోనే ఉండేవి. కస్టమైజ్ ప్రతి సెట్టింగు పేరుకూ ఆ జాబితాలో తన చిట్టీలు తగిలిస్తుంది. స్టాండర్డ్-వాల్యూ అన్న చిట్టీలో రచయిత ఇచ్చిన మొదటి వ్యక్తీకరణ. సేవ్డ్-వాల్యూ అన్నదాంట్లో వాడుకరి శాశ్వతంగా భద్రపరిచినది. కస్టమైజ్డ్-వాల్యూ అన్నదాంట్లో ఈ ఒక్క పూటకు మార్చుకున్నది. కస్టమ్-టైప్ అన్నదాంట్లో రకం. సెట్టింగు ఏ స్థితిలో ఉందో తెలుసుకోవడానికి వేరే పెద్ద పుస్తకం అక్కర్లేదు. పేరు దగ్గరికి వెళ్లి అడిగితే చాలు.

ఈ ఏర్పాటులో నాకు అన్నిటికంటే అందంగా కనిపించేది దాని ఓపిక. ఈమాక్స్ తెరవగానే అన్ని గ్రంథాలూ లోడ్ కావు. వాడుకరి మెయిల్ చదివే ప్యాకేజీలో ఒక సెట్టింగు మార్చి భద్రపరుచుకున్నాడనుకోండి. ఉదయం ఎడిటర్ తెరిచినప్పుడు ఆ ప్యాకేజీ ఇంకా రాలేదు, ఆ సెట్టింగు ఇంకా ప్రకటన కాలేదు. అయినా ఆరంభ ఫైల్లోని కస్టమ్-సెట్-వేరియబుల్స్ అనే వరుస ఆ పేరు దగ్గర సేవ్డ్-వాల్యూ చిట్టీ పెట్టి వెళ్లిపోతుంది. ఇల్లు ఇంకా కట్టలేదు, ఉత్తరం వచ్చేసింది. తపాలా కార్యాలయంలో అది అట్టే ఉంటుంది. మధ్యాహ్నం వాడుకరి మెయిల్ తెరిస్తే ప్యాకేజీ లోడ్ అవుతుంది, డెఫ్‌కస్టమ్ నడుస్తుంది, అప్పుడు అది ముందు చిట్టీ చూసుకుని, ఉంటే రచయిత విలువను పక్కనపెట్టి వాడుకరి విలువనే తీసుకుంటుంది. డెఫ్‌వార్ నాటి "ఉంటే ముట్టుకోను" అన్న నియమమే ఇక్కడ ఇంకా నిండుగా నడుస్తోంది.

రకం చెప్పడంతో ఇంకో తలుపు తెరుచుకుంది. రకాలకు కస్టమైజ్‌లో ఒక చిన్న భాషే ఉంది. బూలియన్, ఇంటిజర్, స్ట్రింగ్, ఫైల్, డైరెక్టరీ లాంటి మూల పదాలు ఉంటాయి. వాటిని ఛాయిస్, లిస్ట్, రిపీట్ లాంటి మాటలతో కలుపుతారు. "వద్దు, లేదా ఒక అంకె, లేదా ఫైలు పేర్ల జాబితా" అన్నది ఇందులో ఒక వాక్యం. ఆ వాక్యాన్ని చదివి విడ్జెట్ అనే గ్రంథం తెర మీద దానికి తగిన ఫారం కడుతుంది. ఆ గ్రంథాన్నీ అబ్రహామ్‌సెనే రాశాడు. ప్రతి సెట్టింగుకూ ఎవరూ చేత్తో ఫారం గీయలేదు. రచయిత రకం చెప్పాడు, ఫారం దానంతటదే వచ్చింది. ఈ ఫారాలు బొమ్మల కిటికీలు కావు, మామూలు అక్షరాల బఫర్లోనే బ్రాకెట్ల మధ్య బొత్తాలు. అందువల్ల మౌస్ లేని అక్షరాల టెర్మినల్ మీద కూడా ఎంటర్ నొక్కి పని చేయించవచ్చు. ప్రతి సెట్టింగు పక్కనా ఒక స్థితి బొత్తాం. నొక్కితే ఈ పూటకు మాత్రమే మార్చనా, ఎప్పటికీ భద్రపరచనా, మొదటి విలువకు తిరిగి వెళ్లనా అని అడుగుతుంది. ఎక్కడో వేరే దారిలో విలువ మారి ఉంటే, ఇది కస్టమైజ్ బయట మారిందని చెబుతుంది. లిస్ప్ రాని మనిషి తన ఎడిటర్‌ను తానే మలుచుకోవడం అప్పటికి నిజమైంది.

ఇక నన్ను ఆపేసిన విషయానికి వస్తాను. డెఫ్‌కస్టమ్‌లో :సెట్ అనే ఇంకో మాట ఉంది. విలువ మార్చేటప్పుడు ఏం చేయాలో చెప్పే ఫంక్షన్‌ను అక్కడ ఇవ్వొచ్చు. కరెంట్-లాంగ్వేజ్-ఎన్విరాన్‌మెంట్ ప్రకటనలో అక్కడ ఉన్నది భాషా వాతావరణాన్ని మొత్తంగా మార్చే ఫంక్షన్. తెలుగు అనగానే అది ఇన్‌పుట్ పద్ధతిని ఎంచుతుంది, ఎన్‌కోడింగ్‌ల వరుస సర్దుతుంది. వేరియబుల్‌లో ఉన్న పేరు ఆ పనికి ఆనవాలు మాత్రమే. సెట్‌క్యూకు ఈ సంగతి తెలియదు. అది పెట్టెలో విలువ వేసి వెళ్లిపోతుంది, పేరుకు తగిలించిన చిట్టీ చదవదు. నా వరుస చేసింది అదే. తప్పు ఎడిటర్‌ది కాదు, వాక్యానిది.

ఈ భాషా వాతావరణం సెట్టింగులో ఇంకో విశేషం కూడా ఉంది. దాని రకం ఒక ఎంపిక జాబితా. కొత్త భాష ఒకటి ఈమాక్స్‌లో నమోదైనప్పుడల్లా ఆ జాబితా పెరుగుతుంది. రకం కూడా డేటాయే కాబట్టి నడుస్తున్న ప్రోగ్రాము దాన్ని మార్చగలదు. ఆ జాబితాలో తెలుగు ఉంది.

కస్టమైజ్ నిర్మాణంలో పొదుపు కూడా గమనించదగ్గది. ప్రకటనలకు కావలసిన కొద్దిపాటి కోడు ఒక ఫైల్లో, ఫారాలు కట్టే పెద్ద కోడు ఇంకో ఫైల్లో. మొదటిది ఎప్పుడూ ఈమాక్స్‌లో ఉంటుంది. రెండోది వాడుకరి కస్టమైజ్ తెరిచినప్పుడే లోడ్ అవుతుంది. మరి ఇంకా లోడ్ కాని ప్యాకేజీల సెట్టింగులు గుంపుల పట్టికలో ఎలా కనిపిస్తాయి? ఈమాక్స్‌ను కట్టేటప్పుడే ఒక చిన్న ప్రోగ్రాము లిస్ప్ ఫైళ్లన్నిటినీ చదివి, డెఫ్‌కస్టమ్‌తో, డెఫ్‌గ్రూప్‌తో, డెఫ్‌ఫేస్‌తో మొదలయ్యే రూపాలను ఏరి, ఏ గుంపు ఏ ఫైల్లో ఉందో సూచిక రాసి పెడుతుంది. లిస్ప్ ప్రోగ్రాము కూడా లిస్ప్ జాబితాయే కాబట్టి దాన్ని చదవడానికి వేరే సాధనం అక్కర్లేదు. ఎడిటర్ తన గ్రంథాలను తానే చదువుకుంటుంది.

సీలో రాసిన వేరియబుల్స్ దగ్గర మాత్రం ఈ మార్గం లేదు. అక్కడ లిస్ప్ మాక్రో నడవదు, వివరణ ఉంటుంది కానీ రకం చెప్పే చోటు లేదు. వాటికోసం ఒక లిస్ప్ ఫైల్లో పేరు, గుంపు, రకం జాబితాగా చేత్తో రాసి పెట్టారు. ప్రకటన ఒకచోట, వస్తువు ఇంకోచోట. ఈ వ్యవస్థ మొత్తంలో నాకు అతుకులా కనిపించేది ఈ ఒక్కటే.

1997 సెప్టెంబరులో విడుదలైన ఈమాక్స్ 20లో కస్టమైజ్ భాగమైంది. గ్నూ ఈమాక్స్ నుంచి విడిపోయి పోటీగా నడుస్తున్న ఎక్స్‌ఈమాక్స్ కూడా దాన్ని తీసుకుంది. ఈమాక్స్ గ్రంథాల్లో నక్షత్రంతో ఉన్న డెఫ్‌వార్‌లను ఫైలు తర్వాత ఫైలుగా డెఫ్‌కస్టమ్‌లోకి మార్చారు. ప్రతిదానికీ ఎవరో ఒకరు కూర్చుని వివరణ చదివి, ఇది అంకెనా, జాబితానా, ఎంపికా అని ఆలోచించి రకం రాయాలి. వివరణల్లో వాక్యంగా ఉన్న జ్ఞానం యంత్రం చదవగల ప్రకటనగా మారింది ఆ చేతులతోనే. బహుభాషల ఈమాక్స్ అయిన మ్యూల్ ప్రధాన ఈమాక్స్‌లో కలిసింది కూడా అదే విడుదలలో. జపాన్‌లోని సుకుబాలో హండా కెనిచి, ఆయన సహచరులు చేసిన పని అది. భాషల వాతావరణాలు, సెట్టింగుల చిరునామాలు ఒకే విడుదలలో వాడుకరి చేతికి వచ్చాయి.

కొత్త ఏర్పాటుతో కొత్త చిక్కు కూడా వచ్చింది, దాన్ని దాచను. భద్రపరచమని బొత్తాం నొక్కితే కస్టమైజ్ తన వరుసలను వాడుకరి ఆరంభ ఫైల్లోనే రాస్తుంది. ఆ ఫైలు అంతవరకూ మనిషి చేత్తో రాసుకున్నది. ఒకే కాగితం మీద రెండు చేతులు రాయడం మొదలైంది. యంత్రం రాసిన భాగం పైన, దీన్ని చేత్తో మారిస్తే చెడిపోవచ్చు, ఇలాంటిది ఫైల్లో ఒకటే ఉండాలి అని అదే ఒక హెచ్చరిక రాసి పెడుతుంది. తన ఆరంభ ఫైలును ఏళ్లతరబడి పెంచుకుంటూ వచ్చినవాళ్లకు ఇది చొరబాటులా తోచింది. ఆ బాధ న్యాయమైనదే. ఆ ఫైలు కొందరికి దినచర్య పుస్తకం లాంటిది. కస్టమ్-ఫైల్ అనే వేరియబుల్‌లో వేరే ఫైలు పేరు ఇస్తే యంత్రం తన రాతలు అక్కడ రాసుకుంటుంది. చాలామంది ఆ మార్గం పట్టారు, నేనూ పట్టాను. అయినా చేత్తో రాసేవాళ్లు సెట్‌క్యూనే రాస్తూ పోయారు. అంటే :సెట్ ఫంక్షన్లు నడవని వాక్యాలు వేల ఫైళ్లలో మిగిలిపోయాయి.

తర్వాతి మార్పుల్లో రెండింటిని మాత్రం చెబుతాను. 2012లో వచ్చిన ఈమాక్స్ 24లో లెక్సికల్ బైండింగ్ చేరింది. అంటే ఒక వ్యక్తీకరణకు అర్థం అది రాసిన చోటు చుట్టూ ఉన్న పేర్లను బట్టి కూడా ఉంటుంది. కోట్ చేసి దాచిన వ్యక్తీకరణ ఆ చుట్టుపక్కలను పోగొట్టుకుంటుంది, జాబితాగానే మిగులుతుంది. అందుకని డెఫ్‌కస్టమ్ లోపల మొదటి విలువను ఇప్పుడు ఒక పేరులేని ఫంక్షన్‌లో చుట్టి, ఆ ఫంక్షన్‌ను పిలిచే వ్యక్తీకరణగా దాస్తున్నారు. డెఫ్‌కస్టమ్ రాసిన వేలమంది రచయితలు ఒక్క అక్షరం మార్చనక్కర్లేకపోయింది. లేఖరి పత్రం రాసే తీరు మారింది, చెప్పేవాళ్ల మాట మారలేదు. మాక్రోగా ఉండడం వల్ల ఒనగూడినది నాకు ఇక్కడ మరింత స్పష్టంగా కనిపించింది.

రెండోది 2023లో వచ్చిన ఈమాక్స్ 29లోని సెట్‌ఆప్ట్. రాయడానికి అచ్చం సెట్‌క్యూలాగే ఉంటుంది. ఇదీ మాక్రోయే. విప్పుకున్నాక అది పేరు దగ్గరున్న చిట్టీలు చదువుతుంది, రకం సరిపోకపోతే చెబుతుంది, :సెట్ ఫంక్షన్ ఉంటే దాన్ని పిలుస్తుంది. చేత్తో రాసుకునేవాళ్లకు కస్టమైజ్ తలుపు ఇరవై ఆరేళ్లకు తెరుచుకుంది. ఆరంభ ఫైలును ప్యాకేజీల వారీగా సర్దుకోవడానికి జాన్ వీగ్లీ రాసిన యూజ్-ప్యాకేజ్ అనే మాక్రో కూడా ఆ విడుదలతోనే ఈమాక్స్‌లో చేరింది. దానికీ :కస్టమ్ అనే మాట ఉంది, అదీ ఈ చిట్టీల దారినే పోతుంది.

నా ఫైల్లో ఆ పాత వరుస దగ్గరికి వెళ్లి ఒక్క మాట మార్చాను.

(సెట్‌ఆప్ట్ కరెంట్-లాంగ్వేజ్-ఎన్విరాన్‌మెంట్ "తెలుగు")

ఎడిటర్ మూసి తెరిచాను. కంట్రోల్ పట్టుకుని బ్యాక్‌స్లాష్ నొక్కితే ఈసారి తెలుగు ఇన్‌పుట్ వచ్చింది. ఈ వ్యాసం మొదటి వాక్యం దాంతోనే టైపు చేశాను.